నిలోఫర్ చీరకు హైదరాబాద్‌లో ఒక గది కావాలి

తెలంగాణ వారసత్వ శాఖ అధికారులకు, సాలార్‌జంగ్ మ్యూజియం బోర్డు సభ్యులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో మగ్గం వర్క్ షాపు నడుపుతాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. పెళ్లి బ్లౌజులు, లెహంగాలు, హైదరాబాద్ ముస్లిం పెళ్లికూతుళ్లు వేసుకునే పొడవాటి ఖడా దుపట్టాలు, పాత చీరల రిపేర్లు, ఏది వస్తే అది చేస్తాం. చదువు పెద్దగా లేదు కానీ బట్ట సంగతి తెలుసు. ఆ ధైర్యంతోనే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పుట్టింది నిలోఫర్ ఆసుపత్రిలో. మా అమ్మ నాకు జ్వరం వచ్చినప్పుడల్లా అక్కడికే తీసుకెళ్లేది. మా అబ్బాయిని నేనూ అక్కడికే తీసుకెళ్లాను. ఈ ఊళ్లో ఆ పేరు పలకని ఇల్లు ఉండదు. అయినా ఆ పేరు ఒక మనిషిదని నాకు పెద్దయ్యేదాకా తెలియదు. మా ఉస్తాద్ ఒకరోజు పాత పత్రికలోంచి కత్తిరించి దాచుకున్న ఫొటో చూపించారు. సన్నటి, పొడుగాటి అమ్మాయి, భుజం మీంచి జారే పైట, పైట అంచున పూలతీగలా పాకిన పని. "ఈ అంచు చూడమ్మా, ఎవరు కుట్టారో గానీ చెయ్యి ఎక్కడా వణకలేదు" అన్నారు. ఆయన ఆ అమ్మాయి అందం గురించి ఒక్క మాట కూడా అనలేదు. కుట్టు గురించే మాట్లాడారు. ఆమె ఎవరని అడిగితే, "నిలోఫర్. ఆసుపత్రి నిలోఫర్" అన్నారు.

మీకు ఆమె కథ తెలిసే ఉంటుంది. తెలియని చదువరుల కోసం కొంచెం చెబుతాను. ఆమె 1916 జనవరిలో ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ రాజవంశంలో పుట్టింది. 1924లో ఖలీఫా పదవిని రద్దు చేసి ఆ వంశాన్ని దేశం నుంచి పంపేస్తే, ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణంలో పెరిగింది. 1931 నవంబరులో అక్కడే ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జాతో పెళ్లయింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. అదే సందర్భంలో చివరి ఖలీఫా కూతురు దుర్రె షెహ్‌వార్‌కు నిజాం పెద్ద కొడుకు ఆజం జాతో పెళ్లి జరిగింది. ఇద్దరూ ఓడలో ఇండియాకు వస్తూ దారిలోనే చీర కట్టుకోవడం నేర్చుకున్నారని చెబుతారు. నిలోఫర్‌కు పిల్లలు కలగలేదు. ఆమె దగ్గర పనిచేసిన రఫత్ అనే అమ్మాయి కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచే ఆడవాళ్లకూ పసిపిల్లలకూ ఒక ఆసుపత్రి కావాలన్న ఆలోచన పుట్టి, 1953 నాటికి అది తెరుచుకుంది. అప్పటికే, 1952లో, ఆమెకు విడాకులయ్యాయి. మిగిలిన జీవితం పారిస్‌లో గడిపి 1989లో అక్కడే కన్నుమూసింది.

ఆమె పేరు మనకు మిగిలింది. ఆమె చీరలు మాత్రం ఇక్కడ లేవు. ఆమె చీరలు చాలావరకు బొంబాయిలో మాధవదాస్ చేయించినవి. వాటిలో కొన్ని న్యూయార్క్‌లో ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్ల మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియంలో దాదాపు 50 వేల దుస్తులూ అలంకారాలూ ఉంటాయి. అక్కడ ఫ్యాషన్ చదువుకునే పిల్లలు ఆ పని చూసి నేర్చుకోగలరు. మా షాపులో కూర్చుని అదే పని చేసే పిల్లలు వాటిని చూడలేరు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ చీరలు తిరిగి ఇచ్చేయమని న్యూయార్క్ వాళ్లను నిలదీయండి అని నేను అడగడం లేదు. అవి దోపిడీ సొత్తు కావు. వాటిని అక్కడ బాగా చూసుకుంటున్నారు. నిజం చెప్పాలంటే, అవి హైదరాబాద్‌లోనే ఏదో బీరువాలో ఉండిపోయి ఉంటే ఈపాటికి మనకు అంచులు మాత్రమే మిగిలేవేమో. నేను అడిగేది వేరు. వాటిలో ఒక్క చీరైనా నాలుగు నెలలకు అప్పుగా ఈ ఊరికి రావాలి. అది రావాలంటే ముందు దాన్ని ఉంచడానికి తగిన గది మనకు ఉండాలి. ఆ గది కట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

మ్యూజియంలు ఒకరికొకరు వస్తువు అప్పు ఇచ్చేటప్పుడు ముందుగా అడిగేది మీ గది ఎలా ఉందని. వెలుతురు ఎంత, తేమ ఎంత, రాత్రి కరెంటు పోతే ఏం చేస్తారు, పురుగు పడకుండా ఏం చూస్తున్నారు, పెట్టె ఎవరు తెరుస్తారు, కాపలా ఎవరు. ఇవన్నీ కాగితం మీద చూపించాలి. వాటికి జవాబు లేకపోతే ఎంత పెద్దవాళ్లు సంతకం పెట్టి అడిగినా చీర విమానం ఎక్కదు. ఎక్కకూడదు కూడా.

పట్టుకు వెలుతురు పడదు. ఈ మాట మా షాపులో అందరికీ తెలుసు. షోకేసులో ఆరు నెలలు వేలాడిన బ్లౌజు వెనక వైపు ఒక రంగు, ముందు వైపు ఒక రంగు అవుతుంది. పైగా ఆ నష్టం కూడుతూ పోతుందే తప్ప తగ్గదు. చీకట్లో పెడితే పట్టు కోలుకోదు, అక్కడికి ఆగుతుంది అంతే. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. అందుకే పాత బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వకూడదని మ్యూజియం వాళ్ల లెక్క. 50 లక్స్ దగ్గర పదేళ్లలో జరిగే నష్టం 500 లక్స్ దగ్గర సుమారు ఏడాదిలోనే జరిగిపోతుంది. నిలోఫర్ ఫొటోలు మనం చూసినవన్నీ దాదాపు నలుపు తెలుపువే. ఆమె కట్టిన చీర గులాబీదా, లేత ఆకుపచ్చదా, మబ్బు రంగుదా అని చెప్పగలిగేది ఆ చీర ఒక్కటే. వెలుతురు మొదట ఎత్తుకుపోయేదీ ఆ రంగునే.

తర్వాత బరువు. ఆ రోజుల్లో రాజకుటుంబాల ఆడవాళ్లు షిఫాన్, జార్జెట్ చీరలను బాగా ఇష్టపడేవారు. గాలికి ఎగిరే బట్ట మీద వెండి తీగ, సల్మా అనే చుట్టల తీగ, సితారా అనే చమ్కీలు, పూసలు. బట్ట బరువు కన్నా పని బరువు ఎక్కువ. అలాంటి చీరను హ్యాంగర్‌కు వేలాడదీస్తే దాని పని బరువే దాన్ని చింపేస్తుంది. మడత పెట్టి దొంతరలో పెడితే మడత దగ్గర పోగులు విరుగుతాయి. మన ఇళ్లలో పట్టుచీరలకు ఆరు నెలలకోసారి మడత మారుస్తారు కదా, అది ఊరికే చేసే పని కాదు. మ్యూజియంలో అయితే పరుపులాగా వెడల్పుగా ఉండే సొరుగుల్లో పరిచి ఉంచుతారు, లేదా లావుపాటి గొట్టానికి పని వైపు బయటికి వచ్చేలా చుడతారు. మధ్యలో ఆమ్లం లేని పల్చటి కాగితం వేస్తారు. మనం న్యూస్‌పేపర్ వేస్తాం. చెక్క బీరువాలో పెడతాం. ఆ కాగితంలోంచీ, ఆ చెక్కలోంచీ వచ్చే ఆమ్లమే బట్టను పసుపు పచ్చగా మార్చి పొడి చేస్తుంది. ఇన్నేళ్లూ నేనూ అదే చేశాను.

వెండి తీగ నల్లబడేది గాలిలోని గంధకం వల్ల. మా దగ్గరికి నల్లబడిన జరీ తెచ్చి మెరిపించమంటారు. రుద్దితే మెరుస్తుంది, కానీ తీగ పైన ఉన్న బంగారు పూత పోతుంది. ఒక్కసారి పోయాక ఇక అంతే.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది మన వాతావరణం. ఎండాకాలం 42 డిగ్రీల పొడి వేడి, జూలై వచ్చేసరికి గోడలు చెమర్చే తేమ. ఆ తేడాకే పోగు ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, అలా ఏళ్ల తరబడి లోపలే అరిగిపోతుంది. పొద్దున పదింటికి ఏసీ వేసి సాయంత్రం ఐదింటికి గది తాళం వేసి ఏసీ ఆపేస్తే, అసలు ఏసీ లేని మందపాటి గోడల గది కన్నా అది బట్టకు ఎక్కువ చేటు చేస్తుంది. అందుకే గది అంటే నేను అడిగేది అద్దాల హాలూ, పాలరాయి గచ్చూ కాదు. పగలూ రాత్రీ ఒకేలా ఉండే చీకటి గది. తేమ 50 శాతానికి అటూ ఇటూగా నిలబడాలి. కిటికీ అక్కర్లేదు. రోజూ మీటరు చూసి పుస్తకంలో రాసుకునే ఒక మనిషి కావాలి. ఆ మనిషి జీతం బడ్జెట్లో ఏటా ఉండాలి. గది కట్టించి మనిషిని పెట్టకపోతే మూడో ఏటికి అది సామాన్ల గది అయిపోతుంది.

ఇది మనవల్ల కాదని మాత్రం చెప్పకండి. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది కదా. రెండు వేల ఏళ్లు దాటిన అమ్మాయి శరీరం. కొన్నేళ్ల కిందట దానికి కట్టిన బట్ట చిరుగుతోందని, పాడవుతోందని గమనించి, 2016లో స్కాన్ తీయించి, బాగుచేయించి, ఆక్సిజన్ చొరబడని పెట్టెలో పెట్టారు. పురుగూ బూజూ బతకలేని పెట్టె అది. అప్పుడు మీరు కాపాడింది ఎముకల్ని మాత్రమే అనుకుంటున్నారా? ఆమె ఒంటి చుట్టూ ఉన్నది నార బట్ట. అంటే రెండు వేల ఏళ్ల నాటి బట్టను హైదరాబాద్‌లో కాపాడే పని మీరు ఇప్పటికే చేస్తున్నారు. తొంభై ఏళ్ల నాటి చీర అంతకన్నా కష్టమేమీ కాదు.

సాలార్‌జంగ్ వారికి ఒక మాట. నిజాం నగలను కేంద్రం 1995లో 218 కోట్లు పెట్టి కొంది. 173 నగలు. అవి రిజర్వ్ బ్యాంకు ఖజానాలో ఉంటాయి. 2001లో, 2006లో మీ మ్యూజియంలోనే ప్రదర్శించారు. నేనూ క్యూలో నిలబడి చూశాను. జాకబ్ వజ్రాన్ని చూసిన సంతోషం ఇప్పటికీ ఉంది. ఆ నగలు మళ్లీ హైదరాబాద్ రావాలని అందరూ అడుగుతారు, నేనూ అడుగుతాను. కానీ వజ్రం ఇంకో వందేళ్లు లాకర్లో ఉన్నా దానికి ఏమీ కాదు. బట్టకు ఆ ఓపిక లేదు. నగల కోసం ఇన్నేళ్లుగా జరుగుతున్న పోరాటంలో పదోవంతు బట్టల కోసం జరిగినా చాలు.

చౌమహల్లా ప్యాలెస్‌లో రాజకుటుంబం దుస్తులు కొన్ని చూడడానికి ఉన్నాయి. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా ఉంది. బీరువా అంటే గోద్రెజ్ బీరువా అనుకోకండి, ఆ భవనం ఒక వైపు పొడవునా రెండు అంతస్తులుగా సాగే అలమరాల వరస. ఆ వరస ముందు నిలబడినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. ఇంత బట్టను ప్రేమించిన ఊళ్లో, బట్టకోసమే పెట్టిన సర్కారు గది ఒక్కటీ ఎందుకు లేదు? అహ్మదాబాద్‌లో కాలికో మ్యూజియం 1949 నుంచి ఉంది. అక్కడ కొద్దిమందినే లోపలికి పంపి, వెలుతురు తగ్గించి చూపిస్తారు. మన దేశపు ఎండలోనే, మన దేశపు వానలోనే.

ఇంగ్లండ్ సంగతి ఒకటి చెబుతాను, ఎందుకంటే అది అచ్చం మన కథలా ఉంటుంది. యువరాణి డయానా 1985 నవంబరులో వైట్‌హౌస్ విందుకు ముదురు నీలం వెల్వెట్ గౌను వేసుకుని నటుడు జాన్ ట్రవోల్టాతో డాన్స్ చేసింది. విక్టర్ ఎడెల్‌స్టీన్ కుట్టిన గౌను. ఆమె చనిపోవడానికి రెండు నెలల ముందు, 1997 జూన్‌లో, తన 79 దుస్తుల్ని న్యూయార్క్‌లో మంచిపనుల కోసం వేలం వేయించింది. ఆ గౌను కూడా అప్పుడే అమ్ముడుపోయింది. తర్వాత చేతులు మారింది. 2019లో లండన్ వేలంలో దానికి అడిగిన ధర రాలేదు. అప్పుడు రాజభవనాలను చూసుకునే హిస్టారిక్ రాయల్ ప్యాలెసెస్ అనే సంస్థ 2 లక్షల 20 వేల పౌండ్లకు దాన్ని కొని తన సేకరణలో చేర్చుకుంది. అమెరికాలో అమ్ముడుపోయిన గౌను 22 ఏళ్లకు ఇల్లు చేరింది. వాళ్ల దగ్గర డబ్బు ఉంది కాబట్టి కొన్నారని మీరు అనవచ్చు. డబ్బు ఉంది, నిజమే. కానీ దాన్ని పెట్టడానికి చోటూ, చూసుకోవడానికి మనుషులూ ముందే ఉన్నారు. అవి లేని చోటికి ఆ గౌను వచ్చి ఉంటే అది కొనడం కాదు, పాడుచేయడమే అయ్యేది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఇది చెప్పకుండా మీకు ఉత్తరం రాసే హక్కు నాకు లేదు.

పన్నెండేళ్ల కిందట ఒకామె మా షాపుకు తన నాయనమ్మ పెళ్లినాటి ఖడా దుపట్టా తెచ్చింది. పాత దేవిడీ కుటుంబం, అంటే నవాబుల కాలపు పెద్ద హవేలీ వాళ్లు. ఆరు గజాల బట్ట. లోపలి జాలీ బట్ట ముట్టుకుంటే రాలిపోతోంది. అంచు మాత్రం నిన్న కుట్టినట్టు ఉంది. అంచు కత్తిరించి కూతురి పెళ్లి లెహంగాకు వేయమంది. "అక్కా, మధ్యలో బట్ట ఎలాగూ పోయింది కదా, అంచైనా బతకనీ" అంది. ప్రేమతోనే అంది. మా ఉస్తాద్ వద్దన్నారు. నేను సీజన్ రద్దీలో ఉన్నాను, ఒప్పుకున్నాను. నా కత్తెరతో నేనే కత్తిరించాను. కొత్త బట్ట మీద అంచు పరిచాక గానీ నాకు అర్థం కాలేదు, ఆ అంచు వంపులు లోపలి బుటీల, అంటే చిన్న పూల లెక్కకు సరిపోయేలా కట్టినవని. మధ్య బట్ట లేకుండా ఆ అంచు సగం మాటలా ఉండిపోయింది. పైగా పాత అంచు వెనక కుట్టు విప్పేటప్పుడు ముడి ఎలా వేశారో, ఏ దారం వాడారో అన్నీ కనిపించాయి. మేము మరిచిపోయిన ముడి అది. విప్పేశాక మళ్లీ వేయడం మాకు రాలేదు.

ఇలాంటివి రోజూ జరుగుతున్నాయి. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో అరుస్తూ వచ్చేవాళ్లు మీకూ తెలుసు. వెండి జరీ చీర తూకానికి తీసుకెళ్లి కాల్చి వెండి తీసుకుంటారు. మా అత్తగారి పెళ్లిచీర అలాగే వెళ్లిపోయింది. ఇంట్లో వాళ్లదీ తప్పు కాదు. పాడైన చీరను ఏం చేయాలో, ఎవరికి చూపించాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

అందుకే గదితో పాటు ఇంకొకటి అడుగుతున్నాను. ఈ ఊళ్లో ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో ఉన్న పాత బట్టల్ని చూసి రాసుకునే పని మొదలుపెట్టండి. ఎవరి దగ్గరా గుంజుకోవద్దు, దానం ఇమ్మని బలవంతం చేయవద్దు. నెలకు ఒక రోజు మ్యూజియంలో ఒక బల్ల వేయండి. జనం తమ బట్ట తెచ్చి చూపిస్తారు. ఫొటో తీసి, ఎవరిదో, ఎప్పటిదో, ఎవరు కుట్టారో రాసుకోండి. ఎలా దాచుకోవాలో చెప్పి పంపండి. ఉతకవద్దని చెప్పండి. మెడ దగ్గరి చెమట మరక, పిన్ను గుచ్చిన రంధ్రం, కుచ్చిళ్ల కింద పట్టిన మట్టి, ఇవి కూడా ఆ మనిషి కథే కదా. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి నా లాంటి పనివాళ్లు చాలామంది వస్తారు. జీతం అడగం.

చీర వచ్చిన రోజున జరగబోయే ఒక ముప్పు గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. దాన్ని ఎవరైనా హీరోయిన్‌కో, మోడల్‌కో కట్టించి ర్యాంప్ మీద నడిపిద్దాం, ప్రచారం వస్తుంది అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. 2022 మేలో మార్లిన్ మన్రో 1962లో వేసుకున్న గౌనును న్యూయార్క్‌లో ఒక వేడుకకు మరొకరు వేసుకుంటే ప్రపంచంలోని మ్యూజియం వాళ్లంతా తప్పుపట్టారు. చారిత్రక దుస్తుల్ని ఎవరూ వేసుకోకూడదని మ్యూజియంల అంతర్జాతీయ మండలి దుస్తుల కమిటీ చెప్పింది. ప్రచారం కావాలంటే దానికి నకలు కుట్టించండి. మా కారిగర్లకు పని దొరుకుతుంది, ఆ చేయి మళ్లీ బతుకుతుంది. నకలు కట్టుకుని ఎంతమంది నడిచినా ఏమీ కాదు.

అప్పు కోసం న్యూయార్క్‌కు ఉత్తరం రాయడానికి గది పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఆ చీరల దగ్గరి ఫొటోలు, ముందూ వెనకా, కుట్టు కుట్టు కనిపించేలా పంపమని ఈలోగానే అడగవచ్చు. ఆ ఫొటోలు మాకు ఇస్తే చాలు, మా పిల్లలు నెలల తరబడి వాటిని చూసి నేర్చుకుంటారు. వెనక వైపు ఫొటో తప్పకుండా అడగండి. ముందు వైపు అందరూ తీస్తారు, కుట్టు తెలిసేది వెనకే.

గది రెండు మ్యూజియంలలో ఎక్కడ పెట్టినా నాకు సంతోషమే. చీర చుట్టూ ఎన్ని బోర్డులు పెట్టినా, ఒక్క బోర్డు మాత్రం తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఆ చీర కట్టుకున్న మనిషి పేరే ఆసుపత్రికి పెట్టారని, ఆ ఆసుపత్రి వెనక రఫత్ అనే పనమ్మాయి చావు ఉందని అందులో రాయాలి. ఆసుపత్రి నుంచి పసిపిల్లను ఎత్తుకుని ఇంటికి వెళ్లే తల్లి ఎప్పుడైనా మ్యూజియానికి వస్తే ఆ రెండు పేర్లూ ఒక్కచోట చదవాలి.

ఆ దుపట్టా మధ్య బట్టను ఆమె తిరిగి తీసుకోలేదు. పారేయమంది. నేను పారేయలేదు. మల్లుగుడ్డ ఉతికి గంజి లేకుండా ఆరబెట్టి, దానిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి మా బీరువా అడుగున ఉంచాను. న్యూస్‌పేపర్ తీసేశాను. ప్రతి వానాకాలం తెరిచి చూస్తే పెట్టె అడుగున ఇంకొంచెం పొడి కనిపిస్తోంది. దాన్ని ఏ రోజు, ఎక్కడికి తేవాలో చెప్పండి. నేను తెస్తాను.

ఇట్లు,
హైదరాబాద్‌లో మగ్గం పని చేసుకునే ఒక మహిళ